వేసవి విడిది – ఇల్లాలికి విశ్రాంతి

ఏప్రిలు నెల నాలుగవ వారమున బడులు మూయగనే పిల్లలకును ఉపాధ్యాయులకును సెలవులు మొదలగును. ఇల్లాండ్రకు మాత్రము ఆనాటినుండియే పని రెట్టింపగును. పగలెల్ల ఇంటనుండు పిల్లలకు పూటపూటకును చిరుతిండి కావలెను. పెండ్లిండ్లకు వచ్చిపోవు చుట్టములకు మర్యాదలు జరుగవలెను. మంచి యెండలుండగనే అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు ఎండబెట్టుకొనవలెను. మామిడికాయ ముదిరినతోడనే ఆవకాయయు మాగాయయు వచ్చి కూర్చుండును. ఇవి యన్నియు మనము ఇష్టముతో చేయు పనులే. వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని సెలవులను మాట ఇంటిలో నందఱికిని చెల్లుచు, ఒక్క ఇల్లాలికి మాత్రము చెల్లకుండుట ఏమి న్యాయమని సోదరీమణులు ఎన్నడైన ఆలోచించిరా?

ఈ మాసము మేము వ్రాయదలచినది వేసవి విడిదిని గూర్చి. ఇది ఊటీకిగాని కొడైకెనాలుకుగాని పోవు విడిది కాదు. సమీపముననే, ఏ తోటలోనో తీరముననో, కుటుంబమంతయు డేరాలు వేసికొని రెండు మూడు రాత్రులు గడుపు విడిది. కార్తీకమాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు చేయు అలవాటు మనకు కలదు గనుక, దీనిని దొరల వేడుక యని త్రోసివేయనక్కఱలేదు. అయితే ఆ వనభోజనమునే చూడుడు. మగవారు చెట్టునీడను కబుర్లాడుచుందురు. పిల్లలు ఆడుకొనుచుందురు. ఆడువారు మూడురాళ్ళ పొయ్యి ముందర పొగకు కన్నులు తుడుచుకొనుచు, ఇంటిలో చేయు పనినే వసతులు లేనిచోట చేయుచుందురు. ఒక పూట పని గనుక అది సాగిపోవును. మూడు రాత్రుల విడిదికిని అదే పద్ధతి పట్టుకొని పోయినచో ఆడువారికి మిగులునది వెట్టియే. కనుక విడిదికి పోదలచిన కుటుంబము, ఏ యూరికి పోవలెనని యడుగుటకు ముందే, అచ్చట ఎవరేపని చేయవలెనని నిర్ణయించుకొనవలెను.

ఈ యేడు మా కుటుంబము ఆచరించిన పద్ధతి కొందఱకైనను ఉపయోగింపవచ్చునని ఇచ్చట తెలుపుచున్నాము. మేము నాలుగు సంసారములవారము. రేపల్లెలో మా బావగారు, తెనాలిలో మేమును మా మఱదిగారును, బాపట్లలో మా ఆడుబిడ్డగారు. మా అత్తగారితో కలిపి పెద్దలము తొమ్మండుగురము. మూడేండ్ల పాప మొదలు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాని వఱకు పిల్లలు పండ్రెండుగురు. రేపల్లెవారు ముందటి సాయంకాలమే భట్టిప్రోలు, వేమూరుల మీదుగా రైలులో తెనాలి చేరిరి. మఱునాటి తెల్లవారుజామున అందఱమును ఇంచుమించు గంట ప్రయాణముతో బాపట్లలో దిగితిమి. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఆ త్రోవలో మా ఆడుబిడ్డగారి అత్తవారికి ఒక సరుగుడుతోట కలదు. ఆ తోటలో నాలుగు డేరాలు వేసికొని మూడు రాత్రులు ఉంటిమి. తీరపుటిసుకమీదనే రాత్రులు పండుకొనుట మంచిది కాదు; తెలిసినవారి తోటలో, వారి యనుమతితో, తీరమునకు కొంచెము ఎడముగా నుండుటయే మేలు.

పని పంపకమునకు మాకు దారి చూపినది ఒక పాత కథ. బాలుర విడుదులకు మూలపురుషుడని చెప్పదగిన బేడెన్ పవెల్ అను నాతడు 1907 ఆగస్టులో ఇంగ్లండు తీరమునందలి బ్రౌన్‌సీ యను చిన్న ద్వీపమునకు ఇరువదిమందికి తక్కువ కాని బాలురను గొనిపోయి డేరాలలో నుంచెను. జమీందారుల బిడ్డలును కూలివారి బిడ్డలును వారిలో నుండిరి. ఆతడు వారినందఱిని ఒక గుంపుగా నడపక నాలుగు జట్టులుగా విభజించి, జట్టునకొక నాయకుని పెట్టి, పనులు వారికే యప్పగించెను. నేటి స్కౌటు ఉద్యమమంతయు ఆ విడిదినుండి పుట్టినదే. మాయింటి లెక్కయు ఇంచుమించు అంతే గనుక మేమును నాలుగు జట్టులు చేసితిమి. ఒక్కొక్క జట్టున ఒక పురుషుడు, ఒక స్త్రీ, ముగ్గురు పిల్లలు. భార్యాభర్తలు ఒకే జట్టున నుండరాదని నియమము. ఉన్నచో భర్త పని భార్యయే చేసిపెట్టునని మా తోడికోడలుగారు ముందుగనే హెచ్చరించిరి.

జట్టులు నాలుగు, పనులు నాలుగు, దినములు నాలుగు. మొదటిది నీటి పని. రెండవది వంట పని. మూడవది డేరాలు, పడకలు, శుభ్రము. నాలుగవది కావలి, అనగా సముద్రముకడ పిల్లలను కనిపెట్టియుండుట. ప్రతి జట్టును దినమున కొక పనివంతున నాలుగు దినములలో నాలుగు పనులును చేసినది. వంటవంతు లేని స్త్రీ ఆ దినమున పొయ్యి దరికి రారాదు. వచ్చినచో జరిమానా. జరిమానా యనగా ఆ రాత్రి పిల్లలకొక కథ చెప్పుట. ఈ చట్టమును నడపు అధికారము మా అత్తగారికి నొసగితిమి. మొట్టమొదట జరిమానా పడినదియు వారికే. అన్నము పొంగుచున్నదని లేచి మూత తీయబోయిరి!

మగవారు వండుటయా యని కొందఱు నవ్వవచ్చును. అరణ్యకాండము చదివినవారు పంచవటి ఘట్టమును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. స్థలము నెన్నుకొన్నది రాముడు. నేల చదునుచేసి, వెదుళ్ళు నాటి, కొమ్మలు పఱచి, దర్భయు ఆకులును కప్పి పర్ణశాల కట్టినది లక్ష్మణుడు. కట్టి ముగించిన పిదప రాముడు తమ్ముని కౌగిలించుకొని మెచ్చుకొనెను. చక్రవర్తి కుమారులకు అడవిలో తగిన పని మన బావగార్లకును మఱదులకును తగదా? భారతమునందలి అక్షయపాత్ర సంగతియు అట్టిదే. సూర్యుడిచ్చిన ఆ పాత్రలో ద్రౌపది భుజించువఱకే అన్నము నిలుచును. అనగా అందఱు తిన్నపిమ్మటనే ఆమె తినవలెను. ఆమె తిని పాత్ర కడిగిన తరువాతనే దుర్వాసుడు శిష్యసమేతుడై వచ్చెను. ఆమెకు కలిగిన దిగులు కడపట భోజనము చేయు ప్రతి గృహిణికిని తెలియును. మన యిండ్లలో అక్షయపాత్రలు లేవు. కడపట తిను ఆచారము మాత్రము నిలిచియున్నది. విడిదిలో దానిని మార్చితిమి. అందఱమును ఒకేసారి, ఒకే వరుసను కూర్చుండి భుజించితిమి. వడ్డన వంటజట్టు పురుషునిది.

వంట ఎంత తక్కువయైన విడిది అంత సుఖము. దినమునకు ఒక్క పూటయే పొయ్యి వెలిగించితిమి. మొదటిదినమునకు పులిహోరయు దధ్యోదనమును ఇంటినుండియే కట్టుకొనిపోయితిమి. తక్కిన ఉదయములకు రాత్రి తోడుపెట్టిన చల్దియన్నము, ఉల్లిపాయ, నిమ్మకాయ. పగటికి అన్నము, ఒక పప్పు, మజ్జిగ. కందిపొడియు గోంగూర పచ్చడియు జాడీలలో నుండనే యున్నవి. రాత్రికి అటుకులు, అరటిపండ్లు. నడుమ నడుమ తాటిముంజెలు. బాపట్ల ఇసుకభూములలో ఈ కాలమున జీడిమామిడి పండ్లును దొరకును. పిల్లలకవి యొక వింత. పచ్చి జీడిగింజ పెంకులోని జిడ్డు చర్మమును కాల్చును గనుక దానిని పిల్లలు పండ్లతో కొఱుకకుండ చూడవలెను. మొదటినాడు పప్పు సరిగా ఉడుకలేదు, రెండవనాడు అన్నము మెత్తబడినది. వంటను గూర్చి ఎవరును వ్యాఖ్యానింపరాదని నియమ ముండుటచే అందఱును మాటాడక తినిరి. నాలుగవనాటికి మా బావగారి రెండవ కుమారుడు, పదునాలుగేండ్ల వాడు, చేయి కాల్చుకొనకుండ గంజి వార్చుట నేర్చుకొనెను.

నీటి పని వంటకంటె ముఖ్యమైనది. వేసవిలో డెల్టాకాలువలు కట్టివేయుదురు గనుక కాలువనీటిని నమ్ముకొనరాదు. త్రాగుటకు మనిషికి దినమునకు నాలుగు లీటర్లవంతున లెక్కవేసి, ఇరువదియొక్కరికి ఎనుబదినాలుగు లీటర్ల మంచినీరు ప్రతిదినమును బాపట్లనుండి తెప్పించితిమి. స్నానములకును పాత్రలు తోముటకును తోటలోని దొరువు సరిపోయినది. దొరువనగా ఇసుకలో త్రవ్వుకొన్న లోతులేని నీటిగుంట. సముద్రతీరపుటిసుకలో వాననీరు క్రిందికింకి, లోపలి ఉప్పునీటికంటె తేలిక గనుక దానిమీద తేలియుండును. పైపైని మెల్లగా తోడుకొన్నంతకాలము తియ్యనినీరే వచ్చును. లోతుగా త్రవ్వినను ఒక్కసారిగా తోడివేసినను క్రిందియుప్పు పైకివచ్చును. ఆత్రము పనికిరాదని పిల్లలకు బోధించుటకు దొరువును మించిన గురువు లేదు.

తీరమున గాలి వీచుచుండుటచే ఎండ తగులుచున్నట్లు తెలియదు. చెమట మాత్రము కాఱుచునేయుండును. పదిగంటలనుండి నాలుగు గంటలవఱకు తోటనీడను విడువరాదను నియమము పెట్టుకొంటిమి. ఎవరికైన వాంతులుగాని విరేచనములుగాని అయినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆఱు చిన్నచెంచాల పంచదారయు అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. ఒళ్ళు కాలుచు, మాట తడబడుచు, మగత క్రమ్మినచో అది వడదెబ్బ. తడిగుడ్డలతో చల్లబఱచుచు వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. ఇందులకై ఒక వాహనమును నాలుగు దినములును తోటవాకిటనే నిలిపియుంచితిమి.

ఆడువారికి మఱొక సంగతి ముఖ్యము. తోట చేరగానే మొదట నిలువవలసినది డేరా కాదు, మఱుగు. డేరాలకు దూరముగా, దొరువునకు మఱింత దూరముగా, గొయ్యి త్రవ్వి నాలుగువైపుల గట్టి తెరలు కట్టి, లోపల నీళ్ళతొట్టి, బయట దీపము పెట్టించితిమి. ఇది సిద్ధముకానిదే సామాను దింపవద్దని మా ఆడుబిడ్డగారు పట్టుపట్టిరి. మఱుగులేని విడిదిలో స్త్రీలు నీరు త్రాగుట మానుదురు. దానివలన కలుగు బాధలు వైద్యులందఱకును తెలిసినవే. రాలిన సరుగుడాకు చిటికెలో అంటుకొనును గనుక పొయ్యిని తోటవెలుపల ఇసుకమీద పెట్టి, ప్రక్కన రెండు బాల్చీల ఇసుక ఉంచితిమి. రాత్రులు తీరమున మంటలు వేయలేదు, దీపములు వెలిగించలేదు. ఆ యిసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. పొదిగి వెలుపలికివచ్చిన పిల్లలు సముద్రముపైని వెలుగును చూచి అటు నడచును. మన దీపముల వెలుగు వానిని దారి తప్పించును.

ఇక సముద్రము. తెనాలి పిల్లలు కాలువలలో ఈత నేర్చినవారు గనుక వారికి భయము తక్కువ. ఆ ధైర్యమే సముద్రముకడ అపాయకరము. కాలువ ఒకవైపునకే పాఱును. సముద్రము ఒడ్డునకు తెచ్చిన నీటిని మరల లోనికి లాగుకొనును. ఆ నీరు తఱచుగా ఒక సన్నని పాయగా పోవుచుండును. అచ్చట అలలు విఱుగవు గనుక చూచువారికి అదియే నెమ్మదియైన చోటుగా తోచును. నిజమునకు అదియే మిక్కిలి ప్రమాదకరము. అందు చిక్కుకొన్నవారు ఒడ్డునకు ఎదురీది అలసిపోరాదు. తేలియుండి, ఒడ్డు వెంబడిగా ప్రక్కకు ఈది, పాయ దాటినపిమ్మట ఒడ్డునకు మరలవలెను. మేము మోకాటిలోతు దాటనీయలేదు. కావలిజట్టు పెద్దవారిద్దఱును ఒకరు నీటిలో, ఒకరు ఒడ్డున నిలిచి, పావుగంటకొకసారి తలలు లెక్కించిరి. కావలివారి చేత ఫోను ఉండరాదు. సూర్యలంకలో వైమానికదళ కేంద్రము కలదు. వారి అభ్యాసములు జరుగు దినములలో తీరమునకు పోనీయరు. కనుక బయలుదేఱుటకు ముందే బాపట్లలో విచారించుకొనవలెను.

ఈ జాగ్రత్తలలో పెక్కులు మా అత్తగారి భయమునుండి పుట్టినవి. వారు రేపల్లెకు దిగువ, సముద్రమునకు దగ్గఱి పల్లెలో పుట్టినవారు. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన కృష్ణకావలి దివిసీమను ముంచివేసి వేలమందిని పొట్టనబెట్టుకొనినది. ఈవలి రేపల్లె తీరగ్రామములును దెబ్బతినినవి. వారి పుట్టింటి పసులన్నియు ఆ రాత్రి కొట్టుకొనిపోయినవి. నాటినుండి వారు కార్తీకపున్నమ స్నానమునకైనను సముద్రము చూడలేదు. విడిది మాట ఎత్తగనే వారన్నమాట: “తుఫాను కార్తీకంలోనే వస్తుందని ఎవరు చెప్పారు?” ఆ మాట నిజము. 1990లో పెనుతుఫాను కృష్ణాముఖము కడ తీరము దాటినది మే 9వ తేదీన, అనగా నడివేసవి సెలవులలో. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల కడనే తీరము దాటినది. అందుచేత ప్రతి ఉదయమును వాతావరణశాఖవారి ప్రకటన చూచుట, నిజాంపట్నము రేవులో ప్రమాదసూచిక ఎగురవేసిరన్న వార్త వినినతోడనే డేరాలు విప్పి బాపట్ల చేరుట అను నిబంధనలమీదనే వారు ప్రయాణమున కొప్పుకొనిరి. భయపడు పెద్దవారిని పరిహసించుటకంటె, వారి భయమును వారిచేతనే నియమములుగా వ్రాయించుకొనుట మేలని మాకు తోచినది.

జరిమానా కథల మూలమున రాత్రులు చక్కగా గడచినవి. వంటవంతు తప్పించుకొనబోయినవారికిని జరిమానా తగులుచుండుటచే మావారును ఒకనాడు పట్టుబడి, 1913లో మొదటి ఆంధ్రమహాసభ ఈ బాపట్లలోనే సమావేశమై తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనను మాటను చర్చించిన వృత్తాంతము చెప్పిరి. మా బావగారు 1611లో ‘గ్లోబు’ అను ఇంగ్లీషు ఓడ నిజాంపట్నము కడ లంగరువేసిన కథ చెప్పిరి. ఆ నిజాంపట్నము మా రేపల్లె పిల్లలకు చేపలరేవుగానే తెలియును. అచ్చటికే ముందుగా వర్తకులు వచ్చిరని వినగనే వారికి గర్వమును తెనాలి పిల్లలకు అసూయయు కలిగినవి.

మూడవ సాయంకాలము వంటవంతు మా మఱదిగారి జట్టుది. ఎవరును పిలువకయే మా అత్తగారు లేచి, చిన్నపాప చేయి పట్టుకొని మాతో తీరమునకు వచ్చి, అలలకు దూరముగా ఇసుకలో కూర్చుండిరి. చేతిలో గరిటె లేదు, ఒడిలో చేటలేదు. చాలసేపు మాటాడలేదు. పిమ్మట “ఇది ఇంత నెమ్మదిగా కూడా ఉంటుందా, అమ్మాయీ?” అనిరి. ఏబది యేండ్లుగా సముద్రమునకు ఒక పూట ప్రయాణపు దూరమున కాపురముచేసినవారు వారు. వారిని ఇంట నిలిపినది భయ మొక్కటియే యని మే మనుకొనము. పోవుదమన్న ప్రతి మాటకును పొయ్యి యొకటి అడ్డుండెను. సోదరీమణులారా, విడిదికి పోవుటలో ఇంతకుమించిన ప్రయోజన మేమున్నది?

అందఱకును నాలుగు దినములు, నాలుగు డేరాలు, సముద్రతీరపు తోట సమకూడవు. అక్కఱయు లేదు. ఊరివెలుపలి మామిడితోపులో ఒక్క రాత్రియైన చాలును. మేడమీద దుప్పట్లు కట్టుకొని పండుకొన్నను పిల్లలకది విడిదియే. కావలసినవి మూడు: జట్టులు ముందుగా వ్రాసికొనుట, వంతులేని స్త్రీ పొయ్యి దరికి పోకుండుట, అందఱును ఒకేసారి భుజించుట. ఆవకాయ పనులు మొదలుకాకమునుపే, సెలవులు మొదలైన మొదటివారముననే, ఈ విడిది పెట్టుకొనుడు. తరువాత అనుకొన్నచో మామిడికాయ మనలను కదలనీయదు.

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట ఏమైనదని కొందఱడుగవచ్చును. వంటజట్టులు తెనాలిలో రైలు దిగుటతోడనే రద్దయినవి. కావలిజట్టుతో పని లేకపోయినది. నీటిజట్టు మాత్రము నిలిచినది. మా పెద్దకుమారుడును మఱదిగారి కుమారుడును ఉదయమున త్రాగునీరు పట్టి, కాచి, వడగట్టి నింపు పనిని ఎవరును చెప్పకయే చేయుచున్నారు. ఆవకాయనాడు కాయలు కడిగి తుడిచినదియు వారే. నాలుగింట ఒకవంతు ఇంట నిలిచినది. వచ్చుయేడు విడిదికి పోయి రెండవవంతు సంపాదింపవలెనని మా తోడికోడండ్రమందఱము నిశ్చయించుకొంటిమి.